బెజవాడ ఎండకు ఏ మాట మేలు: కనిక్యులర్, టారిడ్, సల్ట్రీ?

బెజవాడ ఎండ గురించి ఇంగ్లీషులో రాయాల్సి వస్తే ‘హాట్’ అనే మాట మరీ చప్పగా ఉంటుంది. అరుదైన మాటల మీద మోజున్నవాళ్లు ‘కనిక్యులర్’ జోలికి పోతారు. లాటిన్‌లో కనికుల అంటే చిన్న కుక్క, సిరియస్ నక్షత్రానికీ అదే పేరు. ఆ చుక్క తెల్లవారుజామున పొడిచే రోజుల్లో ఎండలు ముదురుతాయని రోమన్ల లెక్క. చుక్కను బట్టి ఎండను చెప్పడం మనకూ ఉంది, రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం కదా. అందుకే ఈ మాట మనకు భలే నప్పుతుందనిపిస్తుంది. కానీ ఆ కుక్క రోజులు వచ్చేది జులై, ఆగస్టుల్లో. అప్పటికి ఇక్కడ వానలు పడి, కాలువల కింద నాట్లు మొదలవుతాయి. మే నెల ఎండకు అది పనికిరాదు.

అసలు పోటీ మిగతా రెంటి మధ్యే.

టారిడ్‌కు మూలం ఎండబెట్టడం, మాడ్చడం అనే అర్థమున్న లాటిన్ క్రియ. టోస్ట్ కూడా అందులోంచి వచ్చిందే. ఇంకా వెనక్కి వెళ్తే మన ‘తృష్ణ’ దీనికి చుట్టమే అవుతుంది. కర్కట, మకర రేఖల మధ్య భాగం టారిడ్ జోన్, దాదాపు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదున్న విజయవాడ అందులోదే. క్రికెట్ కామెంటరీలో బ్యాటర్‌కు ‘టారిడ్ టైమ్’ అంటే మాత్రం వాతావరణం సంగతి కాదు, బౌలర్ చుక్కలు చూపిస్తున్నాడని.

సల్ట్రీ వేరు. ఇది స్వెల్టర్ అనే మాటకు దగ్గరిది. దాని పాత ఇంగ్లీషు మూలానికి చచ్చిపోవడమనే అర్థం. వడదెబ్బ తెలిసిన ఊరికి ఇది అతిశయోక్తిగా అనిపించదు. ఇప్పుడు వాడుకలో మాత్రం తేమతో కూడిన వేడి, అంటే ఉక్కపోత.

ఏది వాడాలో గడ్డి కూలర్ చెబుతుంది. పడమటి గాలి కొట్టే మధ్యాహ్నం కూలర్ ముందు ప్రాణం లేచొస్తుంది, తీగ మీది లుంగీ చూస్తుండగానే ఆరిపోతుంది. అది టారిడ్. సముద్రపు గాలి తిరిగిందా, అదే కూలర్ గదంతా చెమ్మ చేసి పెడుతుంది, చొక్కా వీపుకు అతుక్కుపోతుంది. అది సల్ట్రీ. బెజవాడలో ఈ రెండో రకం రోజులే ఎక్కువ కాబట్టి నా ఓటు సల్ట్రీకే.

అయితే దాన్ని వాతావరణానికే వాడండి. మనిషికి తగిలిస్తే మత్తెక్కించే చూపో, గొంతో అనే అర్థం వస్తుంది. ఎండకు తట్టుకోలేక లీవ్ లెటర్‌లో ‘ఐయామ్ సల్ట్రీ’ అని రాస్తే మేనేజర్ కంగారుపడతాడు.