ఫెడోరా 42: సి నేర్చుకునే పిల్లల గదిలో

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి ముందు గదిలో ఆరు పాత కంప్యూటర్లున్నాయి. సాయంత్రం అయిదున్నరకు డిప్లొమా పిల్లలు సి అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడానికి వస్తారు. సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం నుంచి వచ్చేవాళ్లూ ఉన్నారు. తెర మీది ఇంగ్లీషు సందేశాన్ని కొందరికి తెలుగులో, కొందరికి ఒడియాలో విడమరిచి చెప్తాను. నిరుడు వేసవిలో హార్డ్ డిస్కులు మార్చమని దుకాణానికి పంపితే, వాళ్లు నన్ను అడగకుండానే అప్పుడే వచ్చిన ఫెడోరా 42 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి ఇచ్చారు. అంతకుముందు వాటిలో డెబియన్ 12 అనే మరో లినక్స్ ఉండేది. ఒక్క మాట అడిగి ఉంటే వద్దనేవాణ్ణి.

చూడటానికి ఫెడోరా ముచ్చటగానే ఉంది. వైఫై వెంటనే అందుకుంది, తెలుగు, ఒడియా అక్షరాలు స్పష్టంగా కనిపించాయి. నేను చెప్పదలచుకున్నది, మనం రాసిన ప్రోగ్రామ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ గురించి.

మొదటి రోజే ఒక అమ్మాయి పిలిచింది. "మాస్టారూ, మొన్న నడిచిన ప్రోగ్రామే ఇది. ఇవాళ తప్పంటోంది." రెండు అంకెలు కూడే చిన్న ఫంక్షన్ అది. పాత పాఠ్యపుస్తకాల పద్ధతిలో పైన ఖాళీ బ్రాకెట్లతో ప్రకటించి, కింద రెండు విలువలు ఇచ్చి పిలిచింది. అలా రాయడం నేను నేర్పిందే. విలువలు ఎక్కువయ్యాయని కంపైలర్ ఒప్పుకోలేదు. వెర్షన్ అడిగి చూస్తే 15.0.1 అని, పక్కనే ఏప్రిల్ తేదీ కనిపించింది.

ఆ కంపైలర్ పేరు జీసీసీ. దాని లెక్కలో 15.0.1 అంటే విడుదలకు ముందు దశ. అసలు విడుదల 15.1. ఫెడోరా 42 బయటికి వచ్చింది 2025 ఏప్రిల్ 15న, జీసీసీ 15.1 వచ్చింది ఏప్రిల్ 25న. పది రోజుల తేడా.

న్యాయంగా చెప్పాలంటే, మా ప్రోగ్రామ్ ఆగిపోవడానికి కారణం ఆ పది రోజులు కాదు. జీసీసీ 15 నుంచి ఏమీ చెప్పకపోతే సి భాష కొత్త నియమాలైన సి23 ప్రమాణాన్ని అనుసరిస్తుంది. అందులో ఖాళీ బ్రాకెట్లకు అర్థం ఆ ఫంక్షన్ ఏ విలువా తీసుకోదని. పూర్తయిన 15.1 కూడా ఇదే మాట అంటుంది. కానీ ఆ సంగతి తేల్చుకోవడానికి నాకు ఒక సాయంత్రమంతా పట్టింది. కంపైలర్ తప్పంటే ముందు మన ప్రోగ్రామ్‌లోనే వెతకాలన్నది నేను చెప్పే మొదటి పాఠం. ఇంకా విడుదల కాని కంపైలర్‌ను ఎదురుగా పెట్టుకుని, ఆ మాట ఆ అమ్మాయికి గట్టిగా చెప్పలేకపోయాను. నేర్చుకునేవాళ్లకు ఆ నమ్మకం పునాది వంటిది.

ఫెడోరా వాళ్లు ఇలా ఎందుకు చేస్తారో నాకు తెలుసు, గౌరవమూ ఉంది. విడుదలకు నెలల ముందే వేల ప్యాకేజీలను, అంటే ఫెడోరాలోని ప్రోగ్రాములను, కొత్త కంపైలర్‌తో మళ్లీ తయారు చేస్తారు. అక్కడ దొరికిన లోపాలు జీసీసీ విడుదలకు ముందే దిద్దుబాటవుతాయి. 15.0.1 అన్న సంఖ్యనూ దాచలేదు. 2000 సెప్టెంబరులో ఇలా జరగలేదు. ఫెడోరాకు ముందుతరమైన రెడ్ హ్యాట్ లినక్స్ 7.0, అప్పటికింకా అభివృద్ధిలో ఉన్న జీసీసీనే 2.96 అన్న పేరుతో పంపింది. ఆ సంఖ్యతో తాము ఏదీ విడుదల చేయలేదని జీసీసీని నడిపించే స్టీరింగ్ కమిటీ అక్టోబరులో ప్రకటించవలసి వచ్చింది. దానితో తయారైన సి++ భాష ఫైళ్లు వెనకటి 2.95తోనూ కలవవు, 2001 జూన్‌లో వచ్చిన 3.0తోనూ కలవవు. లినక్స్‌కు గుండెకాయ వంటి కెర్నెల్ కోసం వేరే పాత కంపైలర్‌ను జతచేసి ఇచ్చారు. దానితో పోలిస్తే ఇప్పటి పద్ధతి ఎంతో నయం. అయినా ఫెడోరా 42కి మారిన లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కూడా, జీసీసీ 15 హెచ్చరికల కోసం 6.15 కెర్నెల్‌లో అప్పటికప్పుడు మార్పులు చేశారు. ఆయనకది కొద్దిసేపటి పని. మా గదిలో పదిహేడేళ్ల పిల్లకు కాదు.

ప్రోగ్రాములు రాయడమే వృత్తిగా ఉన్నవాళ్లు ఫెడోరాను నిస్సంకోచంగా వాడవచ్చు. పాత ప్రోగ్రామ్ ఆగితే జీసీసీకి సి23కు ముందరిదైన జీఎన్‌యూ17 ప్రమాణం వాడమని చెప్తే సరిపోతుంది. సి మొదటి అక్షరాలు దిద్దే గదిలో మాత్రం కొత్త ఫెడోరాను వచ్చిన నెలలోనే ఎక్కించకండి. కంపైలర్ ఏ దశలో ఉందో ఎక్కించేటప్పుడే తెర మీద ఒక్క వాక్యం కనిపిస్తే బాగుండేది.

అయిదింటిలో డెబియన్ మళ్లీ వేశాను. కిటికీ పక్కనున్న ఆరోదానిలో ఫెడోరానే ఉంచాను. అప్‌డేట్లతో అది 15.1 దాటింది. ఇప్పుడు ప్రతి పాఠం ప్రోగ్రామ్‌నూ ముందు దాని మీద నడిపించి చూసి, బ్రాకెట్లలో విలువల రకాలన్నీ రాశాకే పిల్లలకు ఇస్తున్నాను.