ఎక్స్ఛేంజా, సొంత వాలెటా, ఈమెయిల్ వాలెటా: కొత్తవాళ్లకు ఏది మేలు?

మా బామ్మర్దిది మిర్యాలగూడ దగ్గర పల్లె. డిజైన్ పనికి క్రిప్టోలో డబ్బిచ్చే వెబ్ సర్వీస్ ఒకటి దొరికించుకున్నాడు. మొన్న నల్లగొండ వచ్చి, "బావా, పైసలొచ్చినయ్ గానీ కదుల్తలేవు" అని ఫోన్ చేతిలో పెట్టాడు. వాలెట్‌లో (క్రిప్టో దాచుకునే యాప్) 40 యూఎస్‌డీటీ ఉంది. అంటే డాలర్ విలువకు కట్టిన కాయిన్. పంపబోతే గ్యాస్ ఫీజుకు, అంటే పంపే ఖర్చుకు, ఈథర్ లేదంటోంది. ఇథీరియం నెట్‌వర్క్‌లో ఏది పంపినా ఆ ఫీజు దాని సొంత కాయిన్ ఈథర్‌లోనే కట్టాలి. ఫోన్‌పే అలవాటైనవాడికి ఇది ఎలా తెలుస్తుంది?

వాడిది సొంత వాలెట్. తాళం మన దగ్గరే ఉంటుంది, క్రిప్టో సైట్లకు నేరుగా కనెక్ట్ అవుతుంది. కానీ ఆ తాళం అంటే 12 ఇంగ్లిష్ పదాలు. యూపీఐ పిన్ మరిచిపోతే కొత్తది పెట్టుకోవచ్చు, ఈ పదాలు పోతే అడగడానికి ఎవరూ లేరు. మావాడు వాటిని బ్యాంక్ పాస్‌బుక్ చివరి పేజీలో తెలుగు అక్షరాల్లో రాసుకున్నాడు. ఎనిమిదో పదం "రైట్". పదాలన్నీ 2,048 పదాల జాబితాలోంచే వస్తాయి. అందులో ఒప్పు అనే రైటూ ఉంది, రాయడం అనే రైటూ ఉంది. రెండూ పెట్టి చూస్తే ఒకటి కుదిరింది గానీ, అప్పటిదాకా ఇద్దరికీ టెన్షనే. జపనీస్, కొరియన్, స్పానిష్‌లలో ఇలాంటి జాబితాలున్నాయి. తెలుగులో లేదు.

క్రిప్టో కొని అమ్మిపెట్టే కంపెనీ, అంటే ఎక్స్ఛేంజ్‌లో ఈ బాధ లేదు. పాస్‌వర్డ్ పోతే ఓటీపీ వస్తుంది, రూపాయలు బ్యాంకులో పడతాయి. అక్కడ చిక్కు కేవైసీ దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాన్‌లో ఒక్క అక్షరం... మనవైపు ఎంతమందికి ఇలా లేదు! మావాడి దరఖాస్తు రెండుసార్లు వెనక్కొచ్చింది. పైగా తాళం వాళ్ల చేతిలో ఉంటుంది. 2024 జూలైలో వజీర్ఎక్స్ అనే మన దేశపు ఎక్స్ఛేంజ్ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్లు దొంగలపాలయ్యాక ఖాతాదారులు నెలల తరబడి ఎదురుచూశారు. "కనెక్ట్ వాలెట్" అని అడిగే సైట్లలో మామూలు ఎక్స్ఛేంజ్ ఖాతా పనికిరాదు కూడా.

పన్ను మాత్రం ఏ దారిలో వెళ్లినా తప్పదు. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం, ఆ జూలై నుంచి అమ్మకం మీద ఒక శాతం టీడీఎస్. ఒక కాయిన్‌లో నష్టమొస్తే ఇంకోదాని లాభంలో తీసేసుకోవడం కుదరదు.

ఈమెయిల్‌తోనో వేలిముద్రతోనో తెరుచుకునే వాలెట్లు మూడో రకం. పదాలు రాసుకునే పని ఉండదు. కొన్ని సర్వీసుల్లో గ్యాస్ ఫీజు కూడా వాళ్లే కడతారు. కంపెనీ మూతపడితే తాళం బయటికి తీసుకునే వీలుందో లేదో మాత్రం ముందే చూసుకోవాలి.

నన్నడిగితే కొత్తవాళ్లు క్రిప్టో సైట్లు చూడ్డానికి ఈమెయిల్ వాలెట్, రూపాయలు చేసుకోవడానికి ఎక్స్ఛేంజ్ పెట్టుకోవాలి. సొంత వాలెట్ తర్వాత. అదీ పోయినా బాధలేని మొత్తం ఉన్నప్పుడే వాలెట్ యాప్‌ని ఒకసారి తీసేసి, పదాలు కొట్టి తిరిగి తెరిచి చూసుకున్నాకే.

మావాడికి నేనే కాస్త ఈథర్ పంపి ఆ యూఎస్‌డీటీని కదిలించాను. పదాలు ఈసారి ఇంగ్లిష్ అక్షరాల్లో రాయించాను. ఫొటో తీయబోతే ఫోన్ లాక్కున్నాను.