కేంద్రంలో ఉండి తిరగాలా, ఊళ్లోనే ఉండిపోవాలా?

నల్లగొండ మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే కతోలిక చర్చి ప్రాంతం) 1976లో ఏర్పడింది. ఇక్కడి పల్లెల్లో సేవకు వచ్చే కొత్త ఫాదర్లకు ముందుగా వచ్చే సందేహం ఇదే. కేంద్రమంటే పెద్ద చర్చి, ఫాదర్ల ఇల్లు ఉండే చోటు; అక్కడి నుంచే చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లొస్తారు.

ఖర్చు: కేంద్రంలో ఉంటే బండి, పెట్రోలు. ఊళ్లో అయితే గది అద్దె, నాలుగు గిన్నెలు. పెద్ద తేడా లేదు.

శ్రమ: కేంద్రం నుంచి వెళ్తే ఆదివారం మూడు ఊళ్లు, మూడు పూజలు. జనం పేర్లు గుర్తుండవు, ఉపదేశి (ఊళ్లో ఫాదర్‌కు సాయంగా ఉండి ప్రార్థనలు, బోధ చూసుకునే మనిషి) మన చెవిలో చెప్పాలి. ఊళ్లో ఉంటే రోజంతా పలకరింపులే. పత్తి ఏరడానికి పోయినోళ్లు చీకటి పడ్డాకే దొరుకుతారు. గడప మీద కూర్చొని జొన్నరొట్టె తింటుంటే అసలు సంగతి బయటికొస్తుంది: అప్పు, తాగుడు, బొంబాయికి వలస పోయిన కొడుకు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్‌తో కాళ్లు వంగినవాళ్లు గుడిదాకా రాలేరు, మనమే పోవాలి. 2013లో పోప్ ఫ్రాన్సిస్ గురువులకు, అంటే ఫాదర్లకు, గొర్రెల వాసన పట్టాలన్నారు; గొర్రెలంటే వాళ్లు చూసుకునే జనం. బండి మీద వచ్చిపోతే అది పట్టదు.

రిస్కు: ఊళ్లో ఉంటే "మతం మార్చనీకి వచ్చిండు" అంటారు, తగాదాల్లో ఏదో ఒక పక్షం అంటగడతారు. మైకులో గట్టిగా చెప్పడం ధైర్యమే కావచ్చు. తాగి గొడవ చేసేవాడి ఇంటికి రాత్రిపూట వెళ్లడం అంతకన్నా కష్టం. కేంద్రంలో ఆ టెన్షన్ లేదు, కాకపోతే చాలా విషయాలు సమాధి దగ్గరే తెలుస్తాయి.

బడి, హాస్టల్ నడిపేవాళ్లకు కేంద్రమే సరి. ఒంటరితనం తట్టుకోలేనివాళ్లకూ అంతే, అందులో నామోషీ ఏం లేదు. తోడుగా ఇంకొకరు ఉండి, రెండేళ్లదాకా బదిలీ లేదంటే మాత్రం ఊరే నయం.