మొదటి ఎయిర్ రైఫిల్ కొనేముందు: తాడిపత్రి మిద్దె మీద 4 ఏళ్లు వాడాక రాస్తున్నది

2021 చివర్లో కొన్నాను. .177 క్యాలిబర్, అంటే 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), బ్యారెల్‌ను కిందికి వంచి బిగించే స్ప్రింగ్ రైఫిల్, మన దేశంలో తయారైనదే. ఇప్పటికి దాంతో 22 వేల పెల్లెట్లు (చిన్న సీసం గుండ్లు) కొట్టి ఉంటాను. ఖాళీ డబ్బాలు పారేయలేదు, ఒక్కో డబ్బాలో 500, అటక మీద 44 డబ్బాలున్నాయి. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఈ ధరలో దొరికే స్ప్రింగ్ రైఫిళ్ల తీరు చాలావరకు ఒకటే, నాకొచ్చిన ఒక్క పీసును చూసి ఒక కంపెనీని ఎత్తడమో దించడమో న్యాయం కాదు. కాగితం మీద గురి కొట్టడం నేర్చుకోవాలనుకునేవాళ్లు మొదటిసారి ఎలాంటిది కొనాలి, నేను ఎక్కడ పొరపాటు పడ్డాను, అది చెప్పడానికే రాస్తున్నాను.

ముందు లైసెన్స్ సంగతి, ఎందుకంటే అందరూ మొదట అడిగేది అదే. 2016 ఆయుధాల నియమాల ప్రకారం బోరు .177 దాటకుండా, బ్యారెల్ మూతి దగ్గర పెల్లెట్ శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉంటే ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. .22 అయితే, అది గాలితో కొట్టేదైనా తూటా పేల్చేదైనా, లైసెన్స్ కావాలి. కాబట్టి సరదాగా మొదలుపెట్టేవాళ్లకు దారి .177 ఒక్కటే అనుకోండి. నేను కొన్నప్పుడు దుకాణంవాళ్లు ఆధార్ కాపీ తీసుకున్నారు, ఆ బిల్లు ఇప్పటికీ రైఫిల్ సంచిలోనే ఉంటుంది.

ఇక నా పొరపాటు. దుకాణంలో నాలుగు రకాలు చూపించారు. వాటిలో పెట్టె మీద స్పీడు అంకె అన్నిటికంటే పెద్దగా ఉన్నది తీసుకున్నాను. బలంగా కొడితే సూటిగా కొడుతుందని నా లెక్క. ఆ లెక్క పూర్తిగా తప్పు. 10 మీటర్ల దూరంలో కాగితానికి బొక్క పడడానికి బలం అక్కర్లేదు. పోటీల్లో వాడే వాల్తర్, ఫైన్‌వెర్క్‌బౌ లాంటి రైఫిళ్లు అర గ్రాము పైచిలుకు పెల్లెట్‌ను సెకనుకు 170, 175 మీటర్ల వేగంతో పంపుతాయి, శక్తి లెక్కేస్తే 8 జౌళ్ల దగ్గరే ఆగుతుంది. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం, 2012లో లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. వాళ్లకు చాలిన వేగం నాకు చాలదా? ఈ మాట కొనేముందు ఎవరైనా చెప్పుంటే నా మొదటి ఏడాది వృథా అయ్యేది కాదు.

బలం ఎక్కువైతే ఏమవుతుందో వాడితేగాని తెలియదు. బలమైన స్ప్రింగ్‌ను బిగించాలంటే ప్రతి దెబ్బకూ బ్యారెల్‌ను కిందికి గట్టిగా లాగాలి. దుకాణంలో ఒకసారి లాగి చూస్తే ఏమీ అనిపించదు. పోటీ పద్ధతిలో 60 షాట్లు కొట్టాలంటే 60 సార్లు లాగాలి. నాకు 25 దాటేసరికి కుడి మోచేయి పట్టేసేది, 40కి వచ్చేసరికి చేతులు వణికేవి, కార్డు (గురి కాగితం) మీద దెబ్బలన్నీ చెల్లాచెదురు. నేను రోజూ తప్పు నా గురిదనుకుని కళ్లు పరీక్ష చేయించుకున్నాను, అద్దాలు కూడా మార్చాను. ఒక ఆదివారం ఊరికే మొదటి 10 షాట్ల కార్డు, చివరి 10 షాట్ల కార్డు పక్కపక్కన పెట్టి చూశాను. మొదటిది అయిదు రూపాయల బిళ్ల అంత, చివరిది అరచేయంత. కంటికి కాదు, చేతికి అలసట అని అప్పుడు తెలిసింది.

అందుకే మీకు నా మొదటి సలహా: దుకాణంలో ఒక్కసారి కాదు, వరసగా 15 సార్లు బిగించి చూస్తామని అడగండి. ఒప్పుకోకపోతే ఇంకో దుకాణానికి వెళ్లండి. ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇలా బ్యారెల్ వంచి బిగించిన రైఫిల్‌ను ఉత్తినే, పెల్లెట్ లేకుండా పేల్చకూడదు, లోపల గాలిని నెట్టే పిస్టన్ నేరుగా వెళ్లి గోడకు కొట్టుకున్నట్టు కొట్టుకుని సీలు, స్ప్రింగ్ రెండూ దెబ్బతింటాయి. పెల్లెట్ పెట్టేటప్పుడు ఒక చేత్తో బ్యారెల్‌ను గట్టిగా పట్టుకునే ఉండాలి. అది జారి పైకి లేచిందా, వేలు దక్కదు.

రెండోది, స్టాక్, అంటే భుజానికి ఆనించే చెక్క భాగం, మీ ఒంటికి సరిపోవాలి. భుజానికి ఆనించి కళ్లు మూసుకుని, చెంప స్టాక్ మీద పెట్టి, అప్పుడు కళ్లు తెరవండి. సైట్లు (గురి చూసే భాగాలు) వాటంతట అవే కంటి ఎదురుగా ఉండాలి. మెడ సాగదీయాల్సి వస్తే అది మీ రైఫిల్ కాదు. నాది కొంచెం పొడుగు స్టాక్, మా వీధి వడ్రంగి చేత వెనకభాగం 2 సెంటీమీటర్లు కోయించి రబ్బరు మళ్లీ బిగించాను. ఆ కోత తర్వాత వచ్చిన మార్పు స్కోప్ పెట్టినప్పుడు కూడా రాలేదు.

స్కోప్ మాట వచ్చింది కాబట్టి. దుకాణంలో బలవంతంగా అంటగట్టే మొదటి వస్తువు అదే. స్ప్రింగ్ రైఫిల్ అదురు మామూలు తుపాకిలా ఒక్కవైపే ఉండదు, మొదట వెనక్కి, వెంటనే పిస్టన్ ఆగినప్పుడు ముందుకు, రెండు వైపులా కుదుపు. ఆ కుదుపుకు తట్టుకునేలా చేయని స్కోప్ లోపల అద్దాలు కదిలిపోతాయి. నాది 4 నెలల్లో పోయింది. పైగా చాలా స్కోపులు దూరానికి సరిచేసి ఉంటాయి, 10 మీటర్ల దగ్గర కార్డు మసకగా కనిపిస్తుంది, తల కాస్త కదిపితే గురి గీత కూడా కదులుతుంది. దగ్గరి దూరానికి ఫోకస్ తిప్పుకునే రకం కాకపోతే స్కోప్ జోలికి పోకండి. నేను దాన్ని పీకేసి వెనక చిన్న రంధ్రం, ముందు వలయం ఉండే పీప్ సైట్ పెట్టుకున్నాను. నల్లచుక్క వలయం మధ్యలో ఉందా లేదా, అంతే చూడాలి. మొదటి వారమే కార్డులు మారాయి.

పెల్లెట్ల మీద మాత్రం కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. కాగితానికి చదును తల పెల్లెట్లే వాడాలి, పంచ్ మెషీన్‌తో కొట్టినట్టు గుండ్రంగా బొక్క పడుతుంది, స్కోరు చదవడం తేలిక. కోసు తలవి కాగితాన్ని చింపుతాయి. మా ఊళ్లో పాలిష్ బండకు కొదవ లేదు కదా, మా హాల్లో నల్ల బండ అద్దంలా ఉంటుంది, నేను కొత్త డబ్బా తెచ్చినప్పుడల్లా 20 పెల్లెట్లు దానిమీద ఒక్కొక్కటీ వేలితో తోస్తాను. తల కంటే వెనక అంచు వెడల్పు కాబట్టి మంచి పెల్లెట్ తిన్నగా పోదు, విల్లులా వంపు తిరిగి నున్నగా దొర్లుతుంది. అంచు నొక్కుకుపోయింది అయితే కుంటుతుంది, బండ మీద టిక్కు టిక్కుమని చప్పుడు కూడా వినిపిస్తుంది. చవక డబ్బాలో 20కి 5, 6 అలా కుంటేవి. పోటీల్లో వాడే జర్మనీ మ్యాచ్ పెల్లెట్ల డబ్బాలో ఇంతవరకు ఒకటో రెండో. ధర రెండింతలకు పైనే, అయినా నేర్చుకునేటప్పుడు తప్పు నాదా పెల్లెట్‌దా అన్న అనుమానం లేకుండా ఉండడం చాలా పెద్ద లాభం. ఇంకో మాట, ఇవి సీసం. కొట్టిన తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోకుండా బొరుగులు కూడా నోట్లో వేసుకోవద్దు, పిల్లల చేతికి డబ్బా ఇవ్వొద్దు.

పట్టుకునే పద్ధతి గురించి ఎవరూ చెప్పరు. స్ప్రింగ్ రైఫిల్‌ను గట్టిగా బిగబట్టకూడదు. ముందు చెయ్యి అరచేతి మీద ఊరికే కూర్చోబెట్టి, భుజానికి మెత్తగా ఆనించి, అది ఎలా అదరాలనుకుంటే అలా అదరనివ్వాలి. ముఖ్యం, ప్రతిసారీ ఒకే చోట చెయ్యి పెట్టాలి. నేను స్టాక్ కింద ఎర్ర ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు చుట్టాను, అరచేయి ఆ టేపు దాటదు. రైఫిల్‌ను ఆసరా మీద ఆనించి కొడితే 40 మిల్లీమీటర్ల మేర పడే దెబ్బలు 15కు దిగాయి. అసలు కార్డులో 10 అంకె చుక్క అర మిల్లీమీటరే, చుట్టూ నల్లభాగమంతా కలిపి 30.5 మిల్లీమీటర్లు, అందుకే 15 అంటే నాకు ఎంత సంతోషమో ఊహించుకోండి.

ఇప్పుడు నేను సిగ్గుపడే సంగతి ఒకటి. మొదట్లో మిద్దె మీద అట్టపెట్టెకు కార్డు అంటించి వెనక మిగిలిన కడప బండ ఒకటి నిలబెట్టాను. బండ గట్టిది, ఆపేస్తుంది అనుకున్నాను. పదో పన్నెండో షాట్‌కు పెల్లెట్ అట్టను దాటి బండకు తగిలి వెనక్కి వచ్చి, నా పక్కనున్న ప్లాస్టిక్ బిందెకు తగిలింది. మా పాప అప్పుడే మెట్లు దిగి కిందికి పోయింది. ఆ రోజు ఇంక రైఫిల్ ముట్టలేదు. బండ, ఇటుక, ఇనుప రేకు, ఏదైనా సరే, గట్టిదాన్ని నేరుగా వెనక పెట్టకండి. ఇప్పుడు బుడ్డల గోతంలో పాత చీరలు, జీన్స్ గుడ్డలు కూరి కుట్టేశాను, దాని వెనక మందం ప్లైవుడ్, దాని వెనక రేకు. పెల్లెట్లు గుడ్డల్లోనే దిగబడి ఉంటాయి, 6 నెలలకోసారి గోతం విప్పితే సీసం గుప్పెళ్ల కొద్దీ వస్తుంది. కళ్లద్దాలు లేకుండా నేనూ, చూసేవాళ్లూ ఎవరూ నిలబడం.

మన సీమలో తుపాకి అన్న మాటకు ఒక బరువుంది, అది తెలిసి మసలుకోవాలి. మొదటి వారం ఎదురింటి పెద్దాయన వచ్చి, "ఏమప్పా, తుపాకి తెచ్చినావంట, ఏమన్నా గొడవనా?" అని నిజంగా భయపడి అడిగినాడు. ఆయన్ను మిద్దె మీదికి పిలిచి, కాఫీ ఇచ్చి, కార్డులు చూపించి, గోతం చూపించాను. తర్వాత ఆయనే నాకు పాత గోతాలు తెచ్చిచ్చాడు. సంచిలో పెట్టకుండా వీధిలోకి రైఫిల్ తీయకండి. ఇంకొకరు కౌజులు, కుందేళ్లు కొడదాం పొలానికి పోదాం రమ్మంటారు. వెళ్లొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, ఎయిర్ గన్ కదా అని మినహాయింపు లేదు. నాకైతే చట్టం లేకపోయినా మనసు రాదు.

మన్నిక ఎలా ఉందంటే, రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. 2024 మార్చిలో ఒకరోజు బిగించేటప్పుడు ఇసుక నలిగినట్టు కరకరమంది, దెబ్బ చప్పుడు మారింది, పెల్లెట్లు కార్డు మీద వేలెడు కిందికి పడ్డాయి. స్ప్రింగ్ విరిగింది. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే "రేపు పంపుతాం సార్" అని 6 వారాలు తిప్పారు, చివరికి వచ్చింది. మన ఊళ్లలో దీన్ని బాగుచేసేవాళ్లు లేరు. లోపల స్ప్రింగ్ నొక్కి ఉంటుంది, చేత్తో విప్పితే ఎగిరి ముఖానికి తగులుతుంది. మా దగ్గర పాలిష్ మిషన్లకు సామాన్లు చేసే లేత్ షాపులో చిన్న ఇనుప ఫ్రేమ్, పొడవాటి స్క్రూ పెట్టించి, దాన్లో బిగించి మెల్లగా విప్పాను. సీలు, స్ప్రింగ్ రెండూ మార్చి, గ్రీజు పలచగా రాశాను. నూనె ఎక్కువ పోస్తే లోపలి వేడికి అది మండి పొగ వస్తుంది, దెబ్బ ఒకటి పైన ఒకటి కింద పడుతుంది. కొనేరోజే ఒక స్ప్రింగ్, ఒక సీలు అదనంగా కొని పెట్టుకోండి. బ్యారెల్ మాత్రం 22 వేల పెల్లెట్ల తర్వాత కూడా కొత్తదానిలాగే ఉంది.

ముందే గాలి నింపుకునే పీసీపీ రకం మొదటిసారే కొనొచ్చా అని అడుగుతారు. హైదరాబాద్‌లో ఒక షూటింగ్ రేంజ్‌లో గంటసేపు మ్యాచ్ పీసీపీ కొట్టాను. అదురు లేదు, బిగించే కష్టం లేదు, ట్రిగ్గర్ తలచుకుంటే పడినట్టు ఉంది, అయిదు షాట్లు దాదాపు ఒకే బొక్కలో. కానీ ధర లక్షల్లో, పైగా 200 బార్ గాలి నింపడానికి సిలిండరో చేతి పంపో కావాలి, మన దుమ్ములో పంపు ఫిల్టర్ ఊరికే నిండిపోతుంది. ఇదే పనిగా పోటీలకు వెళ్లే పిల్లలకైతే అప్పుచేసి అయినా అదే కొనివ్వొచ్చు. నాలాగా ఉదయం 6 గంటలకు, ఎండ ముదరకముందు, 40 షాట్లు కొట్టి పనికి పోయేవాళ్లకు అక్కర్లేదు. తక్కువ బలం, తేలిక బిగింపు, పీప్ సైట్ బిగించే సదుపాయం ఉన్న స్ప్రింగ్ రైఫిల్ కొని, మిగిలిన డబ్బు మంచి పెల్లెట్లకు పెట్టండి. నేను మళ్లీ కొనాల్సి వస్తే అదే కొంటాను. స్ప్రింగ్ మార్చేటప్పుడు నేను కూడా కొంచెం మెత్తటి స్ప్రింగే వేయించాను, ఇప్పుడు 60 షాట్లు కొట్టినా చేయి వణకడం లేదు.

ఆషాఢం గాలి మొదలైంది. మిద్దె మీద కార్డు కూడా నిలవడం లేదు, పెల్లెట్ అర అంగుళం పక్కకు పోతోంది. ఈ రెండు నెలలు కింద నడవలో కొట్టుకోవాలి. అక్కడ 8 మీటర్లే దొరుకుతుంది, అందుకని కార్డును 80 శాతానికి తగ్గించి, నల్లచుక్క 24.4 మిల్లీమీటర్లు వచ్చేలా ప్రింట్ తీయించాను. గోతం నిన్ననే కిందికి దించాం.