సన్నబడే క్యాప్సూల్, డిటాక్స్ టీ: నెలల తరబడి వాడాక నా అభిప్రాయం

గార్సీనియా (మలబారు చింత), గ్రీన్ కాఫీ (వేయించని కాఫీ గింజలు), గ్రీన్ టీ సారం కలిపిన క్యాప్సూల్ పొద్దున, సాయంత్రం. దానికి జతగా రాత్రి పడుకునే ముందు 'డిటాక్స్' టీ. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో వీటికి ఇప్పుడు వీధికో ఏజెంటు ఉన్నారు. మా ఆడవాళ్ళు చీటీ డబ్బులు తీసి మరీ కొంటుంటే, ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర సొంత లెక్క ఉండాలనిపించింది. నమ్మకం లేకపోయినా వానాకాలంలో మొదలుపెట్టి ఉగాది దాకా వాడాను. వారానికోసారి పరగడుపున బరువు చూసి డైరీలో రాసుకున్నాను.

ముందు డబ్బా సంగతి. ముందు వైపు పెద్ద అక్షరాల్లో నెలలో ఎనిమిది కిలోలు తగ్గుతారని ఉంది. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో: ఇది ఔషధం కాదు, ఆహార నియమాలు, వ్యాయామంతో కలిపి వాడాలి, ఫలితం మనిషిని బట్టి మారుతుంది. అదీ ఇంగ్లీషులోనే. మా ఊళ్ళో తెలుగు ఇళ్ళలో చాలామంది ఒడియా మీడియంలో చదివినవాళ్ళు. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. డబ్బా మీద ఆ రెండూ లేవు కాబట్టి ఏజెంటు నోటితో చెప్పిందే వాళ్ళకు లేబుల్. క్యాప్సూల్‌లో ఏది ఎన్ని మిల్లీగ్రాములుందో విడిగా ఎక్కడా లేదు.

డబ్బాతో పాటు ఒక డైట్ చార్టు ఇస్తారు. రాత్రి అన్నం బంద్, స్వీట్లు, నూనె వంటలు బంద్, రోజూ ముప్పావు గంట నడక. అందులో రాసిన ఓట్స్ బదులు నేను చోడి (రాగి) అంబలి తాగాను. నడకకు ప్యాలెస్ వైపు వెళ్ళేదాన్ని. మొదటి రెండు వారాల్లోనే బరువు గబగబా దిగింది. "చూశారా వదినా, మందు పట్టింది" అంది ఏజెంటు. అన్నం తగ్గించగానే ఒంట్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం కరుగుతుంది, దాన్ని పట్టుకుని ఉన్న నీరూ పోతుంది. టీలో ఉన్నది సునాముఖి ఆకు, అంటే విరేచనాల మందు. దాంతో తగ్గేది పేగుల్లో ఉన్న బరువే, కొవ్వు కాదు.

నాకు అసలు విషయం తెలిసింది తర్వాత. దసరా నుంచి క్యాప్సూల్, టీ రెండూ ఆపి చార్టు ఒక్కటే పాటించాను. బరువు అదే వేగంతో దిగుతూ వచ్చింది. సంక్రాంతికి చుట్టాలొచ్చారు, అరిసెలు, రాత్రి భోజనాలు మొదలయ్యాయి. అప్పుడు చార్టు వదిలేసి క్యాప్సూల్ మళ్ళీ మొదలుపెట్టాను. డబ్బా ఖాళీ అయ్యేసరికి కిలోన్నర పెరిగాను. నా ఒక్కదాని లెక్కతో శాస్త్రం రుజువు కాదు, నిజమే. కానీ పెద్ద పరీక్షలూ ఇదే చెప్పాయి. గార్సీనియాను 135 మంది మీద 12 వారాలు పరీక్షిస్తే ఉత్తుత్తి గోళీకి, దానికి తేడా కనిపించలేదని 1998లోనే అమెరికా వైద్య పత్రికలో వచ్చింది.

గ్రీన్ కాఫీ కథ వింటే కోపం వస్తుంది. అంత ప్రచారానికీ ఆధారం మన బెంగళూరులో 16 మంది మీద చేసిన ఒక చిన్న పరీక్ష. అందులో మనుషుల బరువుల లెక్కలే మార్చేశారని అమెరికా వాణిజ్య కమిషన్ ఆరోపించింది. దాన్ని చేయించిన కంపెనీ 2014లో 35 లక్షల డాలర్లు కట్టి రాజీ పడింది. ఆ వ్యాసాన్ని కూడా అదే ఏడాది వెనక్కి తీసుకున్నారు. అయినా మా వీధిలో ఏజెంట్లు ఇప్పటికీ "సైంటిస్టులు ప్రూవ్ చేశారు" అంటూనే ఉన్నారు.

పని చేయకపోతే డబ్బులే కదా పోయేది అనుకోవద్దు. మా పక్కింటి అప్ప బీపీకి నీరు పోయే మాత్ర వేసుకుంటుంది. ఈ టీ తాగడం మొదలుపెట్టాక పిక్కలు పట్టేసి, నీరసంతో మంచం పట్టింది. డాక్టరు రక్తపరీక్ష చేయించి పొటాషియం పడిపోయిందని చెప్పి టీ ఆపించారు. గ్రీన్ టీ సారం ఎక్కువ మోతాదులో కాలేయానికి చేటు. అందులోని ముఖ్య పదార్థం ఈజీసీజీ రోజుకు 800 మిల్లీగ్రాములు దాటితే జాగ్రత్త అని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. మోతాదే రాయని డబ్బా పట్టుకుని ఆ లెక్క ఎలా చూసుకుంటాం? ఇంకా భయపెట్టేది సిబుట్రమైన్. గుండెకు ప్రమాదమని 2011లో మన దేశంలో నిషేధించిన, ఆకలి చంపే మందు ఇది. 'హెర్బల్' అని రాసిన సన్నబడే గోళీల్లో దీన్ని రహస్యంగా కలిపినట్టు పరీక్షల్లో చాలాసార్లు బయటపడింది. గోళీ వేసుకోగానే ఆకలి పూర్తిగా చచ్చి, గుండె దడదడలాడితే వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. డబ్బా కూడా పట్టుకెళ్ళండి.

స్థూలకాయం తగ్గిస్తామని మందుల ప్రకటన చేయడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారమే నేరం. ఇవి ఆహార పదార్థం పేరుతో అమ్ముడవుతున్నా ఏజెంట్లు చెప్పేది మాత్రం మందు మాటలే: షుగర్ తగ్గుతుంది, థైరాయిడ్ పోతుంది, పీసీఓడీ పోతుంది. ఆ మాట విని షుగర్ మాత్రలు మానేసిన వాళ్ళున్నారు మా వీధిలో, నాకు దిగులంతా వాళ్ళ గురించే. లేబుల్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉంటే లైసెన్సు ఉందనే అర్థం, గోళీ పని చేస్తుందని కాదు.

మొత్తం మీద నేను తగ్గింది నాలుగు కిలోలు. ఏజెంటు నా పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టుకుంటానని అడిగింది. ఇవ్వనని చెప్పాను. చార్టు అడిగిన వాళ్ళకు మాత్రం ఓట్స్ కొట్టేసి చోడి అంబలి అని రాసి ఇస్తున్నాను. షుగర్, బీపీ ఉన్నవాళ్ళయితే రాత్రి అన్నం మానే ముందు డాక్టరుకు చూపించమంటున్నాను.