వికీ ఎడ్యుకేషన్ డ్యాష్‌బోర్డు: తోటి విద్యార్థుల సమీక్షకు ఎంత పనికొస్తుంది?

అమెరికా, కెనడా కాలేజీల్లో వికీపీడియా వ్యాసాలు రాయించే కోర్సుల కోసం నడిచే డ్యాష్‌బోర్డు, అంటే కోర్సు పనులు చూసుకునే వెబ్‌సైటు ఇది. విద్యార్థి తన వ్యాసంతో పాటు, సమీక్షించాల్సిన తోటివారి వ్యాసాన్నీ తన పేరు కింద చేర్చుకుంటే ప్రశ్నలతో సమీక్ష పేజీ సిద్ధంగా దొరుకుతుంది. ప్రవేశిక, విషయం, తటస్థత, మూలాలు, అమరిక, బొమ్మలు: అన్నీ అడుగుతుంది.

ఆ ప్రశ్నలే దీని బలం, చిక్కూ. చాలావాటికి అవునూ కాదూ అని రాసి తప్పించుకోవచ్చు. "మూలాలు బాగున్నాయి" అన్న సమీక్ష ఎవరికి కావాలి? మూడు వాక్యాలు ఎంచుకుని, ఒక్కోదాని మూలం తెరిచి, ఆ సంగతి అక్కడ నిజంగా ఉందో లేదో చూడాలి. పుస్తకమైతే పేజీ నంబరు అడగాలి. పదాలు కొన్ని మార్చి మూలాన్నే దించేస్తే కాపీహక్కుల సమస్య. సాండ్‌బాక్సులో, అంటే విద్యార్థి చిత్తుప్రతి రాసుకునే పేజీలో ఉన్నా మినహాయింపు లేదు. ఈ తనిఖీ మనిషే చేయాలి.

పాత వ్యాసాన్ని సాండ్‌బాక్సులోకి తెచ్చి దిద్దేటప్పుడు మరో తంటా: ఏది పాతదో, ఏది విద్యార్థి చేర్చిందో సమీక్షకుడికి తెలియదు. పాత పాఠాన్ని మార్పు లేకుండా ముందు భద్రపరిచి, ఆ తర్వాతే దిద్దితే పేజీ చరిత్రలో రెండు కూర్పుల తేడా శుభ్రంగా కనిపిస్తుంది. ఈ ఒక్క జాగ్రత్త లేక సమీక్షలు సగం వృథా అవుతాయి.

సమీక్ష రాసి ఊరుకోకుండా రచయిత వాడుకరి చర్చాపేజీలో (వికీపీడియాలో వారికి సందేశాలు రాసే పేజీ) లింకు పెడితే నోటిఫికేషన్ వెళ్తుంది. శిక్షణ పాఠాలు చిన్నవి, బాగున్నాయి. అధ్యాపకులు ప్రశ్నలను కుదించి, ప్రతి జవాబుకూ వ్యాసంలోని వాక్యం ఉదహరించమంటేనే దీన్ని సిఫారసు చేస్తాను.