బాంద్రా: కొండెక్కే ముందు చూడాల్సిన గుడి

ముంబయి వెళ్ళిన మనవాళ్ళలో చాలామంది బాంద్రా స్టేషన్‌లో దిగి, ఆటో ఎక్కి, నేరుగా మౌంట్ మేరీ కొండకు పోతారు. మాతకు దణ్ణం పెట్టుకుని, కొవ్వొత్తి సమర్పించి, సముద్రం ఒడ్డున సినిమావాళ్ళ ఇళ్ళ ముందు ఫొటోలు దిగి తిరిగొస్తారు. నా సలహా వేరు. కొండెక్కే ముందు హిల్ రోడ్డు పడమటి చివర ఉన్న సెయింట్ ఆండ్రూస్ చర్చికి వెళ్ళండి. బాంద్రా క్రైస్తవుల కథ అక్కడ మొదలైంది. అది తెలిశాక చూస్తే కొండ మీది గుడి కూడా కొత్తగా కనిపిస్తుంది.

పోర్చుగీసు యేసుసభ (జెస్యూట్) గురువులు 1575లో కట్టిన గుడి ఇది. అప్పటికి బాంద్రా అంటే చేపలు పట్టే కోలీలు, వరి పండించే రైతులు ఉండే కొన్ని పల్లెలు. జ్ఞానస్నానం తీసుకున్న మొదటి కుటుంబాలు ఎక్కువగా కోలీలవే. ఆ రోజుల్లో ఇక్కడ పనిచేసిన మాన్యుయెల్ గోమెస్ అనే గురువుకు ‘సాల్సెట్ అపొస్తలుడు’ అన్న పేరు నిలిచిపోయింది. సాల్సెట్ అంటే బాంద్రా నుంచి ఉత్తరానికి ఉన్న పెద్ద ద్వీపం, ఇవాళ్టి ముంబయి శివార్లలో చాలా భాగం దాని మీదే ఉంది.

గుడి ఆవరణలో ఒకే రాతిలో చెక్కిన 17 అడుగుల సిలువ ఉంది. దాని దగ్గర కాసేపైనా ఆగండి. క్రీస్తు శ్రమలకు గుర్తులైన మేకులు, నిచ్చెన, ముళ్ళ కిరీటం లాంటివన్నీ దాని ఒంటి నిండా చెక్కారు. ఇది మొదట యేసుసభ వాళ్ళ సెయింట్ ఆన్స్ విద్యాలయంలో ఉండేది. ఆ విద్యాలయం 1739లో నాశనమైంది, సిలువ మాత్రం ఇక్కడికి చేరింది. మేం మధ్యాహ్నం వెళ్ళేసరికి గుడి తలుపులు వేసి ఉన్నాయి, ఆవరణ మాత్రం తెరిచే ఉంది. సమాధి రాళ్ళ మీది పేర్లు చదువుతూ తిరిగాం. ఒకే ఇంటిపేరు తరాల తరబడి కనిపిస్తుంటే విచారణ (ఒక గుడి కింద ఉండే క్రైస్తవుల సమూహం) అన్న మాటకు అసలైన అర్థం తెలిసింది. సాయంత్రం పూజకు ముందు మళ్ళీ వెళ్ళి లోపల కూర్చున్నాం. పూజ జరిగేటప్పుడు కెమెరా బయటికి తీయకండి. అక్కడికి వచ్చేవాళ్ళకు అది చూడదగ్గ ప్రదేశం కాదు, వాళ్ళ సొంత గుడి.

1739 ఎందుకు ముఖ్యమో కొంచెం చెప్పాలి. 1661 పెళ్ళి ఒప్పందంలో పోర్చుగీసు రాజు బొంబాయి దీవిని ఇంగ్లండ్ రాజుకు ఇచ్చాడు కానీ బాంద్రాను, సాల్సెట్‌ను ఇవ్వలేదు. మాహిమ్ కయ్యకు (సముద్రపు పాయకు) అటు ఇంగ్లీషువాళ్ళు, ఇటు పోర్చుగీసువాళ్ళు. 1739 నాటికి మరాఠాలు సాల్సెట్‌ను గెలిచాక పోర్చుగీసు పాలన పోయింది, ఊళ్ళలో విచారణలు మాత్రం దేశీ గురువుల చేతుల మీదుగా నిలబడ్డాయి. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే గొప్పగా అనిపించే ఘట్టం ఇదే. కట్టినవాళ్ళు వెళ్ళిపోయినా గుడిని వదలనిది ఊరివాళ్ళే. 1774లో ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. ఆ పాత సరిహద్దు ఇప్పటికీ ప్రయాణికులకు తగులుతూనే ఉంటుంది: బాంద్రాలో ఎక్కిన ఆటో మాహిమ్ కయ్య దాటి దక్షిణానికి రాదు, అటు వెళ్ళాలంటే టాక్సీనో లోకల్ రైలో ఎక్కాల్సిందే.

గుడి నుంచి చింబాయి నడిచి వెళ్ళొచ్చు. ఇప్పటికీ పడవలు, వలలు కనిపించే కోలీల వాడ అది. అక్కణ్ణుంచి రన్వార్‌కు వెళ్ళండి. చెక్క వసారాలు, బయటి నుంచి పైకెక్కే మెట్లు, పెంకుల కప్పులు ఉన్న పాత ఇళ్ళు ఇంకా కొన్ని మిగిలాయి. వాటి పక్కనే అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి కాబట్టి చూడాలనుకునేవాళ్ళు త్వరగా వెళ్ళడమే మంచిది. వీధి మలుపుల్లో కనిపించే సిలువల్లో చాలావాటిని 1896లో ప్లేగు వచ్చినప్పుడు నిలబెట్టారు. వైద్యం చేతులెత్తేసిన రోజుల్లో జనం వాటి ముందు చేరి ప్రార్థించేవాళ్ళు. వాటికి పూలదండలు ఇప్పటికీ పడుతున్నాయి.

ఈ ఇళ్ళవాళ్ళు తమను ఈస్ట్ ఇండియన్లు అని చెప్పుకుంటారు. రైల్వేలు, ఆఫీసులు పెరిగి గోవా, మంగళూరుల నుంచి కతోలికులు ఉద్యోగాలకు వచ్చినప్పుడు, మొదటి నుంచీ ఇక్కడే ఉన్నవాళ్ళు తమకు వేరే గుర్తింపు కావాలనుకున్నారు. విక్టోరియా రాణి స్వర్ణోత్సవం జరిగిన 1887లో ఈ పేరు తీసుకుని సంఘం పెట్టుకున్నారు. ఇంట్లో మాట్లాడేది మరాఠీకి దగ్గరి భాష. ఎండాకాలంలో రకరకాల దినుసులు వేయించి దంచి సీసాల్లో నింపే బాటిల్ మసాలా వీళ్ళదే. దొరికితే తప్పకుండా కొనండి, కోడికూరకు బాగుంటుంది. హోటళ్ళలో మాత్రం వీళ్ళ వంట దొరకడం కష్టం.

ఇక కొండ. ఇప్పుడున్న గుడి 1904లో పూర్తయింది, రూపకల్పన చేసిన శాపూర్జీ చందాభాయ్ పార్సీ. మాత విగ్రహం కథ ఇంకా పాతది. 1700లో అరబ్ సముద్రపు దొంగలు చేతిలోని పూత వస్తువు బంగారం అనుకుని విగ్రహం కుడిచేతిని నరికేశారని చెబుతారు. 1760లో గుడిని తిరిగి కట్టినప్పుడు సెయింట్ ఆండ్రూస్‌లోని నావికుల మాత విగ్రహాన్ని పైకి తెచ్చి పెట్టారు. ఆ విగ్రహం సముద్రంలో దొరుకుతుందని ఒక కోలీకి కల వచ్చిందని చెబుతారు. ఇప్పుడు గౌరవస్థానం మళ్ళీ పాత విగ్రహానిదే. కోలీలు ‘మోత్ మావులీ’ అని పిలుస్తారు. 1954లో బసిలికా హోదా (పోపు ఇచ్చే ప్రత్యేక గౌరవం) వచ్చింది. బయట దుకాణాల్లో చేతులు, కాళ్ళు, ఇల్లు, పసిబిడ్డ ఆకారాల్లో మైనపు బొమ్మలు అమ్ముతారు, ఎవరి మొక్కు ఏదైతే అది కొని సమర్పిస్తారు. కొనేవాళ్ళలో హిందువులు, ముస్లిములు కూడా ఉన్నారు.

సెప్టెంబరు 8 మాత పుట్టినరోజు. ఆ తర్వాతి ఆదివారం నుంచి వారం పాటు బాంద్రా జాతర. మొక్కు ఉన్నవాళ్ళు అప్పుడే వెళ్ళాలి, ఆ సందడి వేరు. చరిత్ర చూడాలనుకునేవాళ్ళు మాత్రం ఆ వారం వదిలేయండి. క్యూలు, ట్రాఫిక్, వర్షం కలిసి వస్తాయి, పాత వాడల్లో నింపాదిగా నడవడం కుదరదు. డిసెంబరు, జనవరి హాయిగా ఉంటాయి.

బస గురించి. బాంద్రా పడమర వైపు గదులు బాగా ఖరీదు. తూర్పున స్టేషన్ దగ్గరి ఒక లాడ్జిలో మేం ముందుగా గది తీసుకున్నాం. ఫొటోలో చూపిన కిటికీ గదిలో లేదు, దుప్పట్లు మార్చమని పదేపదే అడగాల్సి వచ్చింది, చెక్ అవుట్ దగ్గర లేని చార్జీ ఒకటి కలిపారు. పెద్దవాళ్ళు వెంట ఉంటే అక్కడ వద్దు. తర్వాత దాదర్‌కు మారాం, గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది. హైదరాబాద్ నుంచి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాళ్ళకు దాదర్‌లోనే దిగే వీలుంది, వంతెన దాటి వెస్టర్న్ లైన్ లోకల్ పట్టుకుంటే బాంద్రా దగ్గరే. బాంద్రా స్టేషన్, బాంద్రా టెర్మినస్ వేర్వేరు, టికెట్ తీసేటప్పుడు చూసుకోండి.

స్టేషన్ పడమర నుంచి ఆటోలు మీటరు మీదే వచ్చాయి, బేరం అక్కర్లేకపోయింది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కొండకు ఆటోలోనే వెళ్ళండి, గుడి గుమ్మం దాకా రోడ్డుంది. ఉదయం సెయింట్ ఆండ్రూస్, చింబాయి, రన్వార్, ఎండ తగ్గాక కొండ, చివర 1640 నాటి బాంద్రా కోట అనుకుంటే ఒక రోజు సరిపోతుంది. తిరుగు ప్రయాణం సాయంత్రం ఆరు, ఎనిమిది మధ్య పెట్టుకోకండి. ఆ వేళ లోకల్‌లో పిల్లలతో, సామానుతో ఎక్కడం నిజంగా ప్రమాదం.